ఎడమవైపు ముందు చక్రం

మే 3, బుధవారం

మా ఆవిడ సల్తనత్ రిష్తాన్ వెళ్ళింది. తమ్ముడు ఓడిల్ కుండలు కాల్చుకోవడానికి కొత్త బట్టీ కట్టుకున్నాడట, చూడాలట. బట్టీ చూడటానికి రెండు పెట్టెలు, చలికాలపు కోటు ఎందుకో నేను అడగలేదు. ముప్ఫై ఏళ్ళు బడిలో భూగోళం చెప్పినవాణ్ణి. మే నెలలో రిష్తాన్‌లో మంచు పడదని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు.

గొడవ ఒక గుడ్డ గురించి. రాయాల్సినంత పెద్ద సంగతేమీ కాదు.

పాత హాజరు పట్టీలో చాలా పేజీలు మిగిలిపోయాయి. వాటిలో చక్రం గురించి రాసి పెట్టుకుందామని మొదలుపెట్టాను. నా కారు చక్రం, ఎడమవైపు ముందుది. మా మర్గిలాన్‌లో కార్లన్నీ తెల్లవే, అందులో విడ్డూరం లేదు. కానీ చక్రాలు కూడా తెల్లగా మెరిసే కారు ఊరు మొత్తానికీ నాదొక్కటే. నా చేత్తో ఐదు పూతలు వేశాను. ఈ కారులో ఇప్పటిదాకా మా వాడలో ముప్ఫై ఒక్కమంది పెళ్ళికూతుళ్ళు అత్తారింటికి వెళ్ళారు. ఒక్కతె కూడా అలిగి వెనక్కి రాలేదు. అందుకే కొత్త కార్లు ఎన్ని ఉన్నా పెళ్ళికూతురి కారంటే నాదే.

ఈ నెల ఇరవై ఎనిమిదిన మా హబీబా అక్క కూతురు ముఖర్రమ్ పెళ్ళి. ముప్ఫై రెండోది, పైగా సొంత మేనకోడలు. ఇప్పుడే ఈ చక్రానికి పొయ్యేకాలం వచ్చింది. బ్రేక్ మసి పట్టి నల్లబడుతోంది. మిగతా మూడూ కడిగితే వారం దాకా పాలలా ఉంటున్నాయి, ఇది మాత్రం రెండో రోజుకే పెనం అడుగులా తయారవుతోంది.

పెళ్ళిలోపు దీని అంతు చూస్తాను.

మే 4, గురువారం

సల్తనత్ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. వెళ్ళినావిడ తనే రావాలి. చక్రం నల్లగా ఉంది.

మే 6, శనివారం

పత్తిగింజల నూనెతో చేసిన బట్టల సబ్బు, గోరువెచ్చని నీళ్ళు, పాత పళ్ళ బ్రష్షు. బజారుకు వెళ్ళొచ్చి, కారు ఆపీ ఆపగానే మొదలుపెట్టాను. నీళ్ళు పోయగానే ఎడమ చక్రం చుయ్యిమని ఆవిరి చిమ్మింది. మిగతావి చిమ్మలేదు. ఎండ ఆ పక్కన కొట్టి ఉంటుంది.

గంటసేపు తోమాను. పై మసి పోయింది. రంగులో గుచ్చుకున్నట్టున్న సన్నటి నల్లచుక్కలు మాత్రం కదల్లేదు.

ఎదురింటి యోల్దోష్ గడప మీద కూర్చుని పచ్చ టీ తాగుతూ మొత్తం చూశాడు. మంగలి పని చేస్తాడు, నోరు కత్తెర కన్నా చురుకు.

"మాస్టారూ, దానికి గడ్డం కూడా గీయమంటారా?"

"నీ కారు చక్రాలు కంపెనీ వేసిన రంగు. నీకేం తెలుస్తుంది?" అన్నాను.

"వదినగారు కనిపించడం లేదే."

"తమ్ముడి బట్టీ చూడటానికి వెళ్ళింది."

"ఓహో. కోటు వేసుకుని చూడాలేమో ఆ బట్టీని."

ఈ వాడలో గోడలకు కిటికీలు అక్కర్లేదు, యోల్దోష్ ఉన్నాడు.

సాయంత్రం టీ తాగుతుంటే కారణం తట్టింది. గాలి! మన లోయలోకి పడమటి నుంచి కోకంద్ గాలి వీస్తుంది. ఇన్నేళ్ళు పిల్లలకు బోర్డు మీద బాణాలు గీసి చూపించాను, నా వాకిట్లోదే నాకు తట్టలేదు. కారు ఉత్తరం వైపు మొహం పెట్టి నిలబెడతాను కాబట్టి ఎడమ పక్క పడమరకు ఉంటుంది. దుమ్మంతా గాలి ఆ చక్రానికే కొడుతోంది.

కారును దక్షిణం వైపు తిప్పి పెట్టాను. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. వినేవాళ్ళు ఇంట్లో లేరు.

మే 8, సోమవారం

ఇప్పుడు పడమరకు ఉన్నది కుడి చక్రం. నల్లబడింది ఎడమదే.

గాలి ఇంటి గోడకు కొట్టుకుని వెనక్కి తిరుగుతోందేమో.

మే 9, మంగళవారం

వెనిగర్. సల్తనత్ ఊరగాయలకు దాచుకున్న పెద్ద సీసా మొత్తం అయిపోయింది. ఒక్క చక్రానికి ఇంత పడుతుందనుకోలేదు.

చక్రం మీద రెండు చోట్ల రంగు మెరుపు పోయింది. నల్లచుక్కలు క్షేమం.

తీగ మీద ఆరుతున్నదేమిటని యోల్దోష్ అడిగాడు. పాత గుడ్డ అన్నాను. ఊరంతా తీగల మీద గుడ్డలే ఆరేస్తుంది, నన్నొక్కణ్ణే అడగాలా?

మే 10, బుధవారం

పొయ్యి బూడిదతో రుద్దాను. చేతులు మండుతున్నాయి. బంగాళాదుంపలు మాడ్చుకుని తిన్నాను. సల్తనత్ గురించి ఆలోచించడం లేదు.

మే 13, శనివారం

హబీబా అక్క వచ్చింది. నాకన్నా ఆరేళ్ళు పెద్దది. నేను ఏభై ఎనిమిదేళ్ళవాణ్ణన్న సంగతి ఆవిడకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

వస్తూనే వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మూతలు తీసి చూసింది. తర్వాత వాకిట్లోకి వచ్చి నేను చక్రం ముందు చతికిలబడి ఉండటం చూసింది.

"లేవరా ముందు. సల్తనత్ ఎప్పుడొస్తుంది?"

"బట్టీ చూసి వస్తుంది."

"పది రోజులైందిరా! కాల్చిన కుండలు అమ్ముడైపోయి ఉంటాయి. అలిగి వెళ్ళిందని ఊరంతా కోడై కూస్తోంది. వెళ్ళి తీసుకురా."

"తనే వెళ్ళింది, తనే వస్తుంది. పిల్లలమా మేము?"

అక్క అక్కడే వాకిట్లో ఉన్న పలక మంచం మీద కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని నెమ్మదిగా మాట్లాడింది. అక్క నెమ్మదిగా మాట్లాడితే నాకు చిన్నప్పటి నుంచీ భయం.

"హోషిమ్, కారు మూతి మీద మొదటి రిబ్బను ఎవరు కట్టాలిరా?"

ఎవరు కట్టాలో మా వాడలో పసిపిల్లలకు కూడా తెలుసు. పెళ్ళికూతురి కారు ఎవరిదైతే ఆ ఇంటి ఇల్లాలు కట్టాలి. మొగుడి పక్కన నిలబడి, నవ్వుతూ కట్టాలి. ముప్ఫై ఒక్కసార్లూ సల్తనత్ కట్టింది.

"పెళ్ళాం అలిగిపోయిన ఇంటి కారులో నా కూతుర్ని ఎక్కించను. ముందురోజు శనివారం సాయంత్రం దాకా చూస్తా. అప్పటికి సల్తనత్ ఈ వాకిట్లో లేకపోతే యోల్దోష్ కారు మాట్లాడేస్తా."

"యోల్దోష్ కారా? దాని చక్రాలు చూశావా అక్కా?"

"చక్రాల్లో కూర్చుంటుందట్రా పిల్ల?"

వెళ్ళేటప్పుడు తీగ మీదున్నది ముట్టుకుని చూసింది. ఏమీ అనకుండా వెళ్ళిపోవడం అక్కకు అలవాటు లేని పని.

కాబట్టి గడువు రెండు వారాలు. చక్రం బాగుపడాలి. ముఖ్యమైనది చక్రమే.

మే 14, ఆదివారం

మల్బరీ పండు మరక పడితే పచ్చి మల్బరీ కాయ పెట్టి రుద్దితే పోతుంది. మా అమ్మ మా చేతులకూ మూతులకూ అలాగే రుద్దేది. కాలువ గట్టు మీద చెట్టెక్కి ఒక టోపీ నిండా పచ్చి కాయలు కోసుకొచ్చాను. నా పాత విద్యార్థి ఒకడు సైకిలు మీద పోతూ "మాస్టారూ, పండాక తింటే బాగుంటాయండీ" అని అరిచాడు.

చక్రానికి రుద్దాను. పచ్చటి జిగురు తేలింది. నల్లచుక్కలకు ఇప్పుడు పచ్చటి అంచు వచ్చింది.

తీగ మీదున్నదానికి కూడా రుద్ది చూశాను. దానికీ పోలేదు.

మే 16, మంగళవారం

యోల్దోష్ ఊరికే ఉండడు కదా.

"మాస్టారూ, నాలుగు చక్రాలుండగా ఒక్కదానికే ఇలా అవుతోందంటే అది మసి కాదు, దిష్టి. ముప్ఫై ఒక్క పెళ్ళిళ్ళు చేసిన కారండీ! ఎంతమంది కళ్ళు పడి ఉంటాయి!"

"నేను చదువుకున్నవాణ్ణి" అన్నాను.

అరగంట తర్వాత మేమిద్దరం కారు చుట్టూ తిరుగుతున్నాం. చిల్లుల డబ్బాలో దిష్టి తీసే ఇసిరిక్ ఆకు కాలుతోంది, యోల్దోష్ పొగ ఊదుతున్నాడు. ఎడమ చక్రానికి మూడుసార్లు చుట్టాం. కారు లోపల కూడా పొగ పట్టాం. మిగిలిన ఎండు కట్టను అద్దం దగ్గర వేలాడదీశాడు. నాలుగిళ్ళవాళ్ళు బయటికి వచ్చి చూశారు. ఒకావిడ తన మనవణ్ణి కూడా తెచ్చి పొగలో పెట్టి తీసుకెళ్ళింది.

ఒక లాభం మాత్రం ఉంది. కారులో కొన్నాళ్ళుగా ఏదో వాసన వస్తోంది. ఇప్పుడు అంతా ఇసిరిక్ వాసనే.

మే 18, గురువారం

సల్తనత్‌కు మెసేజ్ పెట్టాను. "రిబ్బన్లు ఎక్కడున్నాయి?"

రెండు గంటల తర్వాత జవాబు. "ఎక్కడ ఉండాలో అక్కడ."

మొత్తానికి జవాబైతే ఇచ్చింది. రాత ఎలా ఉంది? కోపంగా ఉందా, మామూలుగా ఉందా? పదిసార్లు చదివాను, తెలియలేదు. ఫోను అక్షరాలన్నీ ఒకలాగే ఉంటాయి.

రిబ్బన్లు పెద్దపెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టె నేను తెరవను. ఒకసారి తెరిచింది చాలు.

మే 20, శనివారం

కార్ల సామాన్ల దుకాణానికి వెళ్ళాను. ముందే వెళ్ళాల్సింది, కానీ యోల్దోష్ ముందే వెళ్ళమన్నాడు కాబట్టి వెళ్ళలేదు. దుకాణం అతను చిన్నవాడైనా పనితనం ఉన్నవాడు. నేను చేసినవన్నీ చెబుతుంటే కళ్ళు మూసుకుని విన్నాడు.

"వేడి చక్రం మీద నీళ్ళు పోశారా? అయ్యో. వెనిగరా? అయ్యయ్యో. బూడిద? మాస్టారూ, మీకు ఆ చక్రం మీద ఏమైనా పగ ఉందా?"

బ్రేకు రాసుకున్నప్పుడు సన్నటి ఇనుప పొడి కాలుతూ ఎగిరి రంగులో గుచ్చుకుంటుందట. గీరితే రంగు పోతుంది గానీ పొడి పోదట. ఒక సీసా ఇచ్చాడు. చక్రం చల్లారాక, నీడలో, పిచికారీ కొట్టి ఐదు నిమిషాలు ఆగాలి. మెత్తటి బ్రష్షుతో తడిమి నీళ్ళు పోయాలి. ఆరనివ్వకూడదు.

వస్తుంటే అడిగాడు. "ఒక్క చక్రానికే ఎందుకు అంత మసి?"

కోకంద్ గాలి గురించి వివరంగా చెప్పాను. అతను నా వైపు కొంచెంసేపు చూసి, "ఒకసారి ఎవరికైనా చూపించండి మాస్టారూ" అన్నాడు. నన్ను చూపించమన్నాడో కారునో తెలియలేదు.

సాయంత్రం కొట్టాను. రంగు లేని మందు చక్రం మీద పడి ఊదాగా మారింది. చుక్కచుక్క నుంచీ ఊదారంగు ధారలు కారాయి. పండిన మల్బరీలు చితికినట్టే ఉంది. యోల్దోష్ గ్లాసు పక్కన పెట్టి లేచి వచ్చాడు.

"చక్రం ఏడుస్తోంది మాస్టారూ."

వెక్కిరింపుగా అనలేదు. నేనూ కోప్పడలేదు. ఇద్దరం నిలబడి చూశాం. నీళ్ళు పోస్తే అడుగు నుంచి తెలుపు బయటపడింది, రంగు మెరుపు పోయిన చోట్ల తప్ప. పెళ్ళినాటి తెలుపు.

గెలిచాను! సల్తనత్‌కు ఫోటో తీసి పంపుదామనుకున్నాను. తీశాను. పంపలేదు.

మందు ఇంకా సగం సీసా ఉంది. దుకాణానికి ఫోన్ చేసి, ఇది పట్టు మీద కొట్టొచ్చా అని అడిగాను. "ఏ పట్టు మాస్టారూ?" అన్నాడు. పెట్టేశాను.

మే 22, సోమవారం

నిన్న మార్కెట్టుకు వెళ్ళొచ్చాను, అంతే. చక్రం మళ్ళీ నల్లగా ఉంది.

దాని ముందు కూర్చుని చాలాసేపు చూశాను. ఈ పట్టీ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

ఆ గుడ్డ పాత గుడ్డ కాదు. అద్రస్ పట్టు, సల్తనత్ వాళ్ళమ్మ సొంత మగ్గం మీద నేసింది. మే ఒకటిన చక్రం తుడవడానికి గీతలు పడని మెత్తటి గుడ్డ కావాలని పెద్దపెట్టె తెరిచాను. అన్నిటికన్నా మెత్తగా ఉన్నది తీశాను. అది ఏమిటో నాకు తెలియదని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. తెలుసు. పెళ్ళప్పుడు ఆ పట్టు ఆవిడ భుజాల మీద ఉంది, ఎందుకు తెలియదు? కొంచెం తుడిచి ఉతికి పెట్టేస్తే కనిపించదులే అనుకున్నాను.

సల్తనత్ వాకిట్లోకి వచ్చి చూసింది. తిట్టలేదు. గుడ్డ నా చేతిలోంచి తీసుకుని, మసి అంటిన చోటు చూసి, మళ్ళీ చక్రం మీదే వేసి లోపలికి వెళ్ళింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. అప్పుడైనా తప్పయిందని అనాల్సింది. "చక్రానికి మెత్తటి గుడ్డే కావాలి మరి" అన్నాను. నోటికి అంతకన్నా మంచిమాట దొరకలేదు.

ఇంకోటి కూడా ఉంది. మార్చిలో మేమిద్దరం కారులో వస్తుంటే, "ఏమండీ, ఎడమపక్క ఏదో మాడు వాసన వస్తోంది, కారు కూడా అటే లాగుతున్నట్టుంది" అంది. "ఆ వాసన నీ వంటింట్లోంచి తెచ్చుకున్నావు" అన్నాను. వెనక సీట్లో చుట్టాలున్నారు, నవ్వారు. ఆవిడ ఆ రోజు నుంచి కారులో మాట్లాడటం మానేసింది. నేను గమనించలేదని రాయబోయాను. గమనించాను.

ఇల్లు చాలా ఖాళీగా ఉంది.

మే 25, గురువారం

రేపు రిష్తాన్ వెళ్తున్నాను. రిబ్బన్లు ఎక్కడున్నాయో సరిగ్గా అడగడానికి.

మే 27, శనివారం, రిష్తాన్, ఓడిల్ ఇంట్లో, పొద్దున్నే

నిన్నటి సంగతి రాయాలి.

అలిగిన ఇల్లాలి కోసం వెళ్ళేవాడు ఉత్తచేతులతో వెళ్ళకూడదు. తందూరు దగ్గర నిలబడి రెండు వేడి రొట్టెలు కొన్నాను. సీటు కింద ఇంకో పొట్లం పెట్టాను. చక్రం తుడిచి బయలుదేరాను.

సగం దారి దాటాక మాడు వాసన మొదలైంది. అద్దానికి వేలాడుతున్న ఇసిరిక్ అనుకున్నాను. తీసి కిటికీలోంచి పారేశాను. వాసన పోలేదు. కారు ఎడమకు లాగుతోంది, ఎంత తొక్కినా ముందుకు పోనంటోంది. రిష్తాన్ పొలిమేర దగ్గర చక్రంలోంచి పొగ వచ్చింది. దిగాను. తెల్లటి రంగు పొక్కులు లేచి ఉంది.

ఓడిల్‌కు ఫోన్ చేస్తే సల్తనత్ ఎత్తింది.

"మట్టి దిబ్బల దగ్గర ఉన్నాను. కారు ఆగిపోయింది" అన్నాను.

"సరే" అంది.

రొట్టెలు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నాను. ఓడిల్ మట్టి తోలే బండిలో వచ్చాడు. పక్కన ఆవిడ. దిగి, నా దాకా వచ్చి నిలబడింది. ఇరవై మూడు రోజుల తర్వాత ఎదురుగా నిలబడి మొదటి మాట.

"వాసన వస్తోందా?"

"వస్తోంది."

"వంటింటి వాసనేనా?"

"కాదు. చక్రం వాసన. నువ్వు చెప్పినప్పటి నుంచీ వస్తోంది."

ఆవిడ మొహం అటు తిప్పుకుంది. ఓడిల్ చక్రం మీద ఉమ్మేశాడు, చుయ్యిమంది.

"అబ్బ, బావా! నా కొత్త బట్టీ కూడా ఇంత కాలదు. చెప్పి ఉంటే రెండు గిన్నెలు పెట్టుకునేవాణ్ణి కదా దీని మీద."

మెకానిక్ వచ్చి చక్రం విప్పాడు. బ్రేక్ పట్టేసి వదలడం లేదట. నేను తొక్కినా తొక్కకపోయినా అది చక్రాన్ని కరుచుకునే ఉందట, కనీసం రెండు నెలలుగా. అందుకే ఆ ఒక్క చక్రానికే అంత మసి. "ఇన్నాళ్ళూ కనిపించలేదా?" అన్నాడు.

"కనిపించింది. తుడిచాను" అన్నాను.

"ఇంకో పది కిలోమీటర్లు పోయి ఉంటే నిప్పు అంటుకునేది. మామూలు మనుషులు ఎక్కే కారేనా ఇది?"

ఇది పెళ్ళికూతురు ఎక్కే కారు. తెల్లబట్టల్లో ముఖర్రమ్ వెనక సీట్లో కూర్చున్నట్టు కళ్ళముందు కనిపించింది. సల్తనత్ నా మోచెయ్యి పట్టుకుని మట్టిదిబ్బ మీద కూర్చోబెట్టింది.

అప్పుడు సీటు కింది పొట్లం తెచ్చి ఇచ్చాను. ఆవిడ విప్పింది. మధ్యలో అరచెయ్యంత నల్లటి మరక, చుట్టూ రంగులు వెలిసిపోయి ఉన్నాయి.

"పోలేదు" అన్నాను.

"దేంతో ఉతికారు?"

"బట్టల సబ్బు. నీ వెనిగర్ మొత్తం. బూడిద. పచ్చి మల్బరీలు."

"చక్రానికి రాసినవన్నీ దీనికీ రాశారా?"

"ముందు దీనికే రాశాను. దీనికి పోతే చక్రానికీ పోతుందని చూశానంతే" అన్నాను. తర్వాత అది కూడా అబద్ధమనిపించింది. "చక్రం పోతే పోనీ అనుకున్నాను సల్తనత్. ఇది మాత్రం పోవాలనుకున్నాను. తప్పు చేశాను. మార్చిలో అన్న మాట కూడా తప్పే."

ఆవిడ చాలాసేపు ఆ మరకను బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత, "పట్టుకు బూడిద పెట్టారా! భూగోళం చెప్పుకునే మనిషికి ఇవన్నీ ఎందుకండీ?" అంది.

తిట్టు! నా ప్రాణం లేచి వచ్చింది.

రొట్టె విరిచి ముందు ముక్క నాకు ఇచ్చింది.

మే 28, ఆదివారం

మెకానిక్ బ్రేక్ కొత్తది బిగించి ఇచ్చాడు, నిన్న మధ్యాహ్నానికే ఇల్లు చేరాం. అక్క గోడ పక్కన నిలబడి చూసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయింది. యోల్దోష్ మొహం చిన్నబోయింది, తన కారు కూడా కడిగించుకున్నాడట పాపం.

పొద్దున సల్తనత్ కారు మూతి మీద మొదటి రిబ్బను కట్టింది. నేను పక్కన నిలబడ్డాను. పొక్కులు లేచిన చక్రానికి రంగు వేసే వ్యవధి లేదు, వికారంగానే ఉంది. నేను గుడ్డ కోసం వెతుకుతుంటే, "వదిలేయండి, దాన్నెవరు చూస్తారు" అంది.

తర్వాత అద్రస్ పట్టు తెచ్చి వెనక సీటు మీద పరిచింది. వాళ్ళమ్మ నేసిన గీతలు పైకి, మరక పడ్డ భాగం మడిచి కిందికి.

"అమ్మ ఉంటే దీన్ని ముఖర్రమ్‌కే కప్పేది. ఇలాగైనా పిల్ల దీని మీద కూర్చుని వెళ్తుంది" అంది.

ముప్ఫై రెండో పెళ్ళికూతురు దాని మీద కూర్చుని వెళ్ళింది. కింద ఏముందో మా ఇద్దరికే తెలుసు.

జూన్ 4, ఆదివారం

ఎడమ చక్రానికి కొత్తగా ఐదు పూతలు వేశాను. ఐదు రోజులైంది, ఇంకా పాలలా ఉంది.

ఈ రోజు ఇద్దరం ముఖర్రమ్‌ను చూసి వస్తున్నాం. పిల్ల బాగుంది, నవ్వుతోంది. సల్తనత్ దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. ఊరి బయట వంతెన దగ్గర ఉన్నట్టుండి మాట ఆపింది.

"ఏమండీ, కుడిపక్క ఏదో టకటకమంటోంది."

నాకేమీ వినిపించలేదు. నిజంగానే వినిపించలేదు. రోడ్డు బాగాలేదు, గులకరాయి తగిలి ఉంటుంది, ముప్ఫై ఏళ్ళుగా నడుపుతున్నవాణ్ణి నాకు తెలియదా అని నాలుక చివరి దాకా వచ్చింది.

కారు పక్కకు తీసి ఆపాను. దిగి, కుడి చక్రం ముందు చతికిలబడి చెవి పెట్టాను. సల్తనత్ కూడా దిగి నా వెనకే నిలబడింది.